కొండ మీద డిస్క్ గోల్ఫ్: నా డిస్కులన్నీ ఎడమకే ఎందుకు పడిపోతున్నాయి?

అరోరా_అల్లుడు

రెండేళ్లుగా డెన్వర్ చుట్టుపక్కల పార్కుల్లో డిస్క్ గోల్ఫ్ ఆడుతున్నాను. గోల్ఫ్ లాంటిదే, బంతికి బదులు డిస్కును విసురుతూ గొలుసుల బుట్టలో వెయ్యాలి. పెద్ద ఆటగాణ్ణి కాను, మరీ నవ్వులపాలయ్యేవాణ్ణీ కాను. పద్దెనిమిది బుట్టలు పూర్తయ్యేసరికి పార్ (ఇన్ని విసుర్లలో, అంటే స్ట్రోకుల్లో, ముగించాలన్న లెక్క) మీద నాలుగో ఐదో ఎక్కువ, అంతే. పోయిన శనివారం ఫ్రిస్కోలో పీక్ వన్ అనే కోర్సుకు (ఆట స్థలానికి) వెళ్లాను. ఊరే 9,097 అడుగుల ఎత్తున ఉంది. ఒక పక్క డిల్లన్ జలాశయం, ఇంకో పక్క టెన్‌మైల్ కొండల వరస, వాటి మీద ఇంకా కరగని మంచు చారలు. ఫోటోలు తీసుకున్నంతసేపూ బాగానే ఉంది.

ఆట మొదలయ్యాక పార్ మీద పంతొమ్మిది. మూడు డిస్కులు అడవిపాలు. నేను వేసింది రోజూ వేసే కుడిచేతి బ్యాక్‌హ్యాండే (చేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి బయటికి విసరడం). మా పార్కులో డిస్కు చాలా దూరం తిన్నగా పోయి చివర్లో ఎడమకు వాలుతుంది. అక్కడ మాత్రం చెయ్యి వదిలిన కాసేపటికే ఎవరో పిలిచినట్టు ఎడమకు తిరిగి పొదల్లోకి దిగిపోయింది. ఒకసారి కాదు, ఇంచుమించు ప్రతిసారీ. దానికి తోడు, నాలుగు అడుగులు వేస్తే చేతికందే బుట్టకు వేసిన పుట్ (దగ్గర్నుంచి బుట్టలోకి వేసే విసురు) అంచుకు తగిలి, నేల మీద నిలువుగా పడి, బండిచక్రంలా దొర్లుకుంటూ పాతిక మీటర్లు కిందికి పోయింది.

గాలి పలచగా ఉంటే డిస్కు ఇంకా దూరం పోవాలి కదా? డెన్వర్‌లో బేస్‌బాల్ బంతి దూరం పోతుందని ఊరంతా చెప్పుకుంటారు. మరి నా డిస్కులకు ఏమొచ్చింది? లోపం డిస్కుదా, చేతిదా, కొండదా?

ఇంకో మాట. సరదాకి వెంట వచ్చిన మా బావమరిది జీవితంలో మొదటిసారి ఆడి నాకన్నా రెండు తక్కువ వేశాడు.

పచ్చిమిరప

ఆ చివరి వాక్యమే అసలు ప్రశ్న. పైనున్నదంతా ఉపోద్ఘాతం.

గొలుసుల_చప్పుడు

టీ దగ్గర, అంటే మొదటి విసురు వేసే చోట, ఏ డిస్కు వేశారు?

అరోరా_అల్లుడు

డిస్ట్రాయర్ (దూరానికి విసిరే డ్రైవర్ రకం), 175 గ్రాములు. పద్దెనిమిది చోట్లా అదే.

గొలుసుల_చప్పుడు

బావమరిది?

అరోరా_అల్లుడు

నా సంచి అడుగున పడి ఉన్న పాత లెపర్డ్ ఒకటి, బజ్ ఒకటి. మంచివి ఇస్తే పోగొడతాడని అవి ఇచ్చాను.

పచ్చిమిరప

మంచివి ఎవరు పోగొట్టారో ఇప్పుడే చదివాం.

హైదరాబాద్_హరిత

నేను అల్టిమేట్ (జట్లుగా ఆడే ఫ్రిస్బీ ఆట) ఆడతాను, డిస్క్ గోల్ఫ్ వీడియోల్లో చూడటమే. మా డిస్కు కూడా 175 గ్రాములే, మేము దాన్ని పరుగెత్తి చేత్తో పట్టుకుంటాం. మీ డిస్కుల మీద నాలుగేసి అంకెలు వేసి ఉంటాయి కదా, వాటి సంగతేమిటి?

గొలుసుల_చప్పుడు

హరిత గారూ, వీటిని పట్టుకోవాలని చూడకండి. మీ డిస్కు 27 సెంటీమీటర్లు, ఇది 21. అదే బరువు చిన్న చక్రంలో కుదించి, అంచు పలచగా చేశారు. వేళ్లు జాగ్రత్త.

అంకెల సంగతి. మొదటిది వేగం: ఎంత వేగంగా విసిరితే ఆ డిస్కు తన పని తాను చేస్తుందో చెబుతుంది. రెండోది గాలిలో తేలే గుణం. మూడోది వేగం మీద ఉన్నప్పుడు కుడికి ఒరిగే గుణం, మైనస్ పెరిగేకొద్దీ ఎక్కువ ఒరుగుతుంది. నాలుగోది వేగం తగ్గాక ఎడమకు వాలే గుణం. డిస్ట్రాయర్ 12, 5, -1, 3. లెపర్డ్ 6, 5, -2, 1. బజ్ 5, 4, -1, 1. ఇదంతా కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ వాళ్ల లెక్క. ఎడమచేతి వాళ్లు అద్దంలో చూసుకోవాలి.

అల్లుడు గారూ, ఆ మొదటి అంకె చూశారుగా. పన్నెండు అడిగే డిస్కుకు మీరు తొమ్మిది ఇస్తున్నారని నా అనుమానం. మైదానంలో ఎలాగో నెట్టుకొచ్చారు. కొండ మీద బయటపడింది.

విశ్రాంత_మాస్టారు

భౌతికశాస్త్రం చెప్పి రిటైరై ప్రస్తుతం కొలరాడోలో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. డిస్కులు విసరను, మనవడు విసిరినవి ఏరుకొస్తాను. ఈ ప్రశ్న వాడూ అడిగాడు కాబట్టి నా దగ్గర జవాబు ఉంది.

బంతికీ డిస్కుకీ ఒక తేడా ఉంది. బంతిని గాలి ముఖ్యంగా ఆపుతుంది; గాలి పలచబడితే ఆపేవాడు తగ్గాడు, బంతి దూరం పోతుంది. డిస్కును గాలి ఆపడమే కాదు, మోస్తుంది కూడా. గాలి పలచబడితే మోసేవాడూ తగ్గినట్టే. అందుకని డిస్కు కాస్త కిందికి దిగుతూ పోతుంది. దిగుతున్న డిస్కుకు గాలి కింది వైపు నుంచి తగులుతుంది, అంటే ముక్కు (డిస్కు ముందు అంచు) పైకెత్తి విసిరినట్టే.

ఎడమకు ఎందుకు తిరుగుతుందంటే బొంగరాన్ని గుర్తు తెచ్చుకోండి. తిరుగుతున్న బొంగరాన్ని ముందుకు తోస్తే అది ముందుకు పడదు, పక్కకు ఒరుగుతుంది. డిస్కూ అంతే. మంచి వేగంలో గాలి దాని వెనక సగాన్ని పైకి లేపుతుంది, డిస్కు కుడికి ఒరుగుతుంది. ముక్కు లేచి వేగం తగ్గాక గాలి ముందు సగాన్ని లేపుతుంది, అప్పుడు ఎడమకు. పలచని గాలిలో మొదటి దశ కుదించుకుపోయి రెండో దశ ముందే మొదలవుతుంది. మీరు చూసింది అదే.

అంకెల్లో చెప్పాలంటే ఫ్రిస్కో ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 24 శాతం తక్కువ. గాలి చూపే బలం సాంద్రతను బట్టి, వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి అక్కడ గంటకు 100 కిలోమీటర్ల వేగంతో విసిరిన డిస్కు, సముద్రపు ఒడ్డున 87తో విసిరినట్టు ప్రవర్తిస్తుంది.

నీలిడిస్కు

మాస్టారూ, బొంగరం బాగుంది, లెక్క మాత్రం ఈయనకు అతకదు. అల్లుడు గారు ఉండేది విశాఖపట్నం బీచి ఒడ్డున కాదు, అరోరాలో. డెన్వర్ దగ్గరే సాంద్రత 15 శాతం తక్కువ. అక్కడి నుంచి ఫ్రిస్కోకు తేడా 11 శాతం, మీ వర్గమూలం లెక్కలో వేగానికి 6 శాతం. ఆరు శాతానికి పంతొమ్మిది స్ట్రోకులా? ఇందులో గాలి వాటా తక్కువ, కొండ వాటా ఎక్కువ.

నా అనుభవం చెబుతాను. కొండ కోర్సులో టీ పలక ఒక్కటే చదునుగా ఉంటుంది. రెండో దెబ్బ నుంచీ ఒక కాలు పైన, ఒక కాలు కింద. నిబంధన ప్రకారం డిస్కు పడిన చోట పెట్టే గుర్తు వెనక 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు ఉన్న చోట ఒక పాదమైనా ఆనాలి. ఆ జాగాలో ఒక వేరు ఉంటుంది, లేదా జారే పైన్ ఆకులుంటాయి. నడుము తిరగదు, అంతా భుజంతోనే లాగుతాం. భుజంతో లాగితే ముక్కు లేస్తుంది. ముక్కు లేస్తే ఎడమకు పోతుంది. పైగా పదో బుట్టకు వచ్చేసరికి ఊపిరి అందదు.

విశ్రాంత_మాస్టారు

లెక్క సరిచేసినందుకు సంతోషం. అరోరా అని పేరులోనే ఉంది, నేనే చూడలేదు. మనవడు సముద్రమట్టం దగ్గర ఉన్న సియాటిల్ నుంచి వచ్చిన స్నేహితుడి గురించి అడిగాడు, అదే జవాబు ఇక్కడ అప్పగించాను. అయినా గొలుసుల చప్పుడు గారి మాట కలిపి చూడండి. డిస్ట్రాయర్‌కు కావలసిన వేగం ఆయన చేతిలో ముందే తక్కువ. గట్టు అంచున నిలబడ్డవాణ్ణి తొయ్యడానికి ఆరు శాతం చాలు.

అరోరా_అల్లుడు

గట్టు అంచు అన్నారు, ధన్యవాదాలు. మా ఆవిడ ఇది చదివి ఇంకా నవ్వుతూనే ఉంది.

మరి తేలికపాటి డిస్కు తీసుకుంటే? 150 గ్రాముల డిస్ట్రాయర్ దొరుకుతుందట.

గొలుసుల_చప్పుడు

బరువు తగ్గితే ఆ పలచని గాలే కాస్త బాగా మోస్తుంది, అది నిజం. కానీ మీరు డిస్ట్రాయర్‌ను వదలకుండా దాని చుట్టూ దారులు వెతుకుతున్నారు. బావమరిది లెపర్డ్ మీ సంచిలోనే ఉంది కదా!

పచ్చిమిరప

సంచిలో ఉందో, బావమరిది పట్టుకుపోయాడో ముందు కనుక్కోండి.

అరోరా_అల్లుడు

పట్టుకుపోయాడు.

శాంతాక్రజ్_సుబ్బు

నీలిడిస్కు గారితో నేను. నేను ఆడే డిలావేగా కోర్సు కాలిఫోర్నియాలోని శాంతాక్రజ్‌లో ఉంది. ఎత్తు అంటూ చెప్పుకోవడానికి ఏమీ లేదు, గాలికి ఏ లోపమూ లేదు, సముద్రం కళ్లెదుటే. అయినా మొదటిసారి వెళ్లిన ప్రతివాడూ తల వేలాడేసుకునే కారెక్కుతాడు. 1984 నుంచీ ఇదే తంతు. కారణం వాలు. గట్లు, లోయలు, ఓక్ చెట్లు, ఎండాకాలంలో అప్పడంలా గట్టిపడిన నేల. డిస్కు పడటం ఒక ఎత్తు, ఆగడం ఒక ఎత్తు. పదమూడో బుట్టను ఐ-5 అంటారు, మా రాష్ట్రం పొడవునా పోయే హైవే పేరు. ఎందుకో నడిస్తే తెలుస్తుంది. ఇరవై ఏడోది ‘టాప్ ఆఫ్ ది వరల్డ్’. కొండ కొమ్మున నిలబడి మాంటెరీ అఖాతాన్ని చూస్తూ కిందికి విసరాలి. డిస్కు గాలిలో ఎంతసేపు ఉంటుందంటే, వేసి, తప్పు చేశానని గ్రహించి, పక్కవాడికి సంజాయిషీ చెప్పుకునేంతసేపు.

అల్లుడు గారికి పనికొచ్చే మాట: కిందికి విసిరేటప్పుడు డిస్కు మామూలుకన్నా ఎక్కువసేపు గాలిలో ఉంటుంది, కాబట్టి దాని గుణాలన్నీ రెట్టింపు కనిపిస్తాయి. ఎడమకు వాలే డిస్కు ఇంకా వాలుతుంది. అందరూ చేసే తప్పు ఏమిటంటే, బుట్ట కింద ఉన్నా చెయ్యి అలవాటుగా నేలకు సమంగా లాగుతారు. అంటే వాలుతో పోలిస్తే ముక్కు పైకెత్తినట్టే. భుజాలను వాలుకు సమంగా వంచి విసరండి. సగం ఎడమ రోగం అక్కడే కుదురుతుంది.

రెండో మాట, దొర్లడం. బుట్ట వాలులో ఉంటే డిస్కును తక్కువ ఎత్తులో పదునుగా వెయ్యకండి. అది అంచు మీద పడిందంటే చక్రమే. పైనుంచి మెత్తగా, చపాతీ పెనం మీద వాలినట్టు బల్లపరుపుగా వాలాలి. నమ్మకం లేకపోతే బుట్టకు వెయ్యకుండా పక్కన, కొండవైపు పెట్టేసుకోండి. ఒక స్ట్రోకు పోతుంది, మూడు మిగులుతాయి.

నీలిడిస్కు

పైన అంతా ఒప్పుకున్నాను, చివరి మాట ఒప్పుకోను. పది మీటర్ల లోపల ఉండి బుట్టకు వెయ్యకపోవడమేమిటి? భయపడుతూ వేసిన పుట్ గొలుసులకు తగలదు. వేస్తే వెయ్యండి, లేదా ఇంట్లో కూర్చోండి.

శాంతాక్రజ్_సుబ్బు

మీరు ఎన్నిసార్లు దొర్లించారు?

నీలిడిస్కు

అది వేరే విషయం.

వెర్మాంట్_వదిన

ఎవరూ చెట్ల సంగతి ఎత్తడం లేదు. వెర్మాంట్‌లోని స్మగ్లర్స్ నాచ్‌లో రెండు కోర్సులున్నాయి. ఫాక్స్ రన్ మెడోస్ కొంత విశాలంగా ఉంటుంది, చేతిలో బలం ఉన్నవాళ్లకు బాగుంటుంది. బ్రూస్టర్ రిడ్జ్ అడవిలో ఉంది, అక్కడ బలం ఎవరికీ అక్కర్లేదు. 2018లోనూ 2023లోనూ ప్రపంచ పోటీలు ఇక్కడే జరిగాయి. 2018లో గ్రెగ్ బార్స్‌బీ, 2023లో ఐజాక్ రాబిన్సన్ గెలిచారు. 2023లో మహిళల్లో ఎస్టోనియా అమ్మాయి క్రిస్టిన్ టట్టర్ గెలిచింది. ఆ వారం మేము బోస్టన్ నుంచి వెళ్లి తాడు బయట నిలబడి చూశాం. నాకు బాగా గుర్తుండిపోయింది పెద్ద పెద్ద విసుర్లు కాదు. అంత చేతి సత్తువ ఉన్నవాళ్లు కూడా అడవిలో మిడ్‌రేంజ్ (మధ్య దూరానికి వేసే డిస్కు) తీసి, సందు చూసుకుని, నెమ్మదిగా తోయడం.

మా ఆయన అది చూసి కూడా మర్నాడు బ్రూస్టర్‌లో డ్రైవరే తీశారు. మొదటి చెట్టుకు తగిలి డిస్కు వెనక్కి వచ్చింది. టీ కన్నా వెనక్కి. నేను ఫోర్‌హ్యాండ్‌తో (చేతిని పక్క నుంచి ముందుకు విసిరే పద్ధతి) నెమ్మదిగా కుడిపక్క సందులోకి పంపాను. అప్పటి నుంచి కారులో సంగీతం ఎవరు పెట్టాలో ఆటలో గెలిచినవాళ్లే నిర్ణయిస్తారు. రెండేళ్లుగా ఆయన నా పాటలే వింటున్నారు.

పచ్చిమిరప

వదినా, అన్నయ్య పక్షాన సానుభూతి తెలుపుతున్నాను.

వెర్మాంట్_వదిన

ఆయనే చెప్పమన్నారు: సానుభూతి అక్కర్లేదు, పాటలు మారిస్తే చాలట.

కాకినాడ_కాజా

స్కోరు సంగతి పక్కన పెట్టండి, ఎత్తు గురించి ఒక హెచ్చరిక. పోయిన వేసవిలో మా నాన్నగారు కాకినాడ నుంచి వచ్చారు. అరవై ఎనిమిదేళ్లు, రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తారు, తిరుమల 3,550 మెట్లు ఎన్నిసార్లు ఎక్కారో లెక్క లేదు. నాకూ ఆ ధైర్యమే. దిగిన రెండో రోజే మమ్మల్నందరినీ వేసుకుని పైకి తీసుకెళ్లాను. నాలుగో బుట్ట దగ్గర ఆయన ఒక మొద్దు మీద కూర్చుని, ‘నాన్నా, తల ఎవరో గుడ్డతో బిగించినట్టుంది’ అన్నారు. నేను భయపడిపోయాను. వెంటనే కిందికి దించేశాం. సాయంత్రానికి తేరుకున్నారు. ఎక్కే శక్తి వేరు, ఎత్తుకు అలవాటు పడటం వేరు. పెద్దవాళ్లు వస్తే ముందు డెన్వర్ ఎత్తులో రెండు మూడు రోజులు ఉంచండి. నీళ్లు తాగిస్తూ ఉండండి. తలనొప్పితో వాంతి వచ్చేలా ఉంటే ఆట ఆపి కిందికి దిగండి. మిగతా బుట్టలు ఎక్కడికీ పోవు.

వారం తర్వాత ఆయనే మళ్లీ వెళ్దామన్నారు. ఈసారి విసరలేదు, చెట్టుకింద నిలబడి ఎవరి డిస్కు ఎక్కడ పడిందో చూసిపెట్టే పని తీసుకున్నారు. ఒక్కటి కూడా పోలేదు. తిరిగి వస్తూ దారిలో ఒక్క మాటే అన్నారు: ‘పళ్లెం విసరడం, వెతుక్కోవడం. దీనికి ఇంత పెట్రోలా?’

గొలుసుల_చప్పుడు

మీ నాన్నగారిని మా జట్టులోకి పంపండి. మనిషికి మూడు డిస్కుల లెక్కన ఆదా.

అరోరా_అల్లుడు

నా తలనొప్పి ఎత్తు వల్ల అనుకోలేదు, స్కోరు వల్ల అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే పన్నెండో బుట్ట నుంచి నీళ్లు తాగలేదు, సీసా కారులో మర్చిపోయాను.

ఇంకో సంగతి: పదిహేనో బుట్ట దగ్గర ఉరుములు వినిపించాయి. ఆడేశాం. తప్పా?

నీలిడిస్కు

తప్పే. ఇందులో నాకు వేళాకోళం లేదు. జులై, ఆగస్టుల్లో కొలరాడో కొండల మీద మధ్యాహ్నం మబ్బు కట్టడం దాదాపు రోజూ ఉంటుంది. మెరుపు కనబడ్డాక ముప్పై సెకన్లలోపు ఉరుము వినిపిస్తే ఆట ఆపి కారులోకి వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు ఆగాలి. ఇనప స్తంభం, ఇనప గొలుసులు, ఇనప బుట్ట, దాని పక్కన చెయ్యెత్తి నిలబడ్డ మనిషి. పిడుగుకు ఇంతకన్నా మంచి విలాసం ఎవరిస్తారు? ఉదయం ఏడింటికి మొదలుపెట్టి పన్నెండులోపు దిగిపోండి.

వెర్మాంట్_వదిన

ఈ ఒక్క విషయంలో నీలిడిస్కు గారు ‘వేస్తే వెయ్యండి’ అననందుకు సంతోషం.

హైదరాబాద్_హరిత

చదువుతుంటే నోరూరుతోంది. మనకూ కొండలున్నాయి కదా! అరకు, అనంతగిరి, హార్స్‌లీ హిల్స్. మడిచి పెట్టుకునే గుడ్డ బుట్టలు దొరుకుతున్నాయి, వారాంతంలో తొమ్మిది పాతి, ఆడి, తీసుకొచ్చేస్తే?

కాకినాడ_కాజా

హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. గాలి బాగుంటుంది, యూకలిప్టస్ చెట్ల మధ్య సందులూ బాగుంటాయి. కోతులు మాత్రం మీ డిస్కును తిరిగి ఇవ్వవు.

పచ్చిమిరప

అలిపిరి దారిలో మా అత్త చేతిలోంచి కొబ్బరిచిప్ప లాక్కున్న కోతి ఇప్పటికీ కళ్లలో ఉంది. డిస్కు గాలిలో ఉండగానే పట్టుకుంటుంది. దానికి స్ట్రోకు లెక్క ఎలా?

గొలుసుల_చప్పుడు

నిబంధనల్లో దారి ఉంది, వేళాకోళం కాదు. డిస్కు పడిన చోట హాని చేసే పురుగులో జంతువులో ఉంటే స్ట్రోకు పడకుండా బుట్టకు దూరంగా వెనక్కి జరిగి ఆడవచ్చు. ఫ్రిస్కో వైపు మూస్‌లు తిరుగుతాయి, గుర్రమంత దుప్పి అనుకోండి, పిల్ల వెంట ఉంటే మరీ ప్రమాదం. ఒకసారి నా డిస్కు దాని కాళ్ల దగ్గర పడింది. నిబంధన ఒక గీత మీద వెనక్కి జరగమంది. నేను కారు దాకా జరిగాను.

శాంతాక్రజ్_సుబ్బు

మా దగ్గర మూస్‌లు లేవు, పాయిజన్ ఓక్ ఉంది. మూడేసి ఆకుల గుత్తి. డిస్కు అందులో పడితే చేతికి గుడ్డ చుట్టుకుని తీయండి, లేదా అక్కడే వదిలెయ్యండి. పదిహేను డాలర్ల డిస్కు కోసం రెండు వారాలు గోక్కున్న మనిషి రాస్తున్న మాట ఇది.

హరిత గారూ, మీరు అడవి శాఖ అనుమతి తీసుకునే ప్రయత్నం చెయ్యండి, అది రాకపోతే ఎవరి మామిడితోటైనా చూడండి. ఈ ఆట మొదలైందే అలా తోచిన చోట. మొదట్లో చెట్టో స్తంభమో ఏది కనబడితే అదే గురి. ఎడ్ హెడ్రిక్ 1975లో కాలిఫోర్నియాలో ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వతమైన కోర్సు వేశాడు, గొలుసుల బుట్ట ఆయన బుర్రలోంచి తర్వాత వచ్చింది. 2002లో పోయినప్పుడు ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు.

కాకినాడ_కాజా

అస్థికలు గోదావరిలో కలపడం తెలుసు. ఇది తెలియదు.

పచ్చిమిరప

ఆ డిస్కు చెట్టు మీద చిక్కుకుంటే?

శాంతాక్రజ్_సుబ్బు

ఆయనకు అదే ఇష్టమేమో.

వెర్మాంట్_వదిన

అల్లుడు గారూ, పోయిన డిస్కుల వెనక పేరూ ఫోను నంబరూ రాశారా? నిబంధన ప్రకారం వెతకడానికి మూడు నిమిషాలే. దొరక్కపోతే ఒక స్ట్రోకు కలుపుకుని మళ్లీ పాత చోటు నుంచే. కానీ నంబరు ఉంటే తర్వాత వచ్చినవాళ్లు ఫోను చేస్తారు. నాకు ఏడు నెలల తర్వాత ఒకటి తిరిగొచ్చింది, మంచు కరిగాక బయటపడిందట.

అరోరా_అల్లుడు

రెండింటి మీద రాశాను. మూడోది కొత్తది, రాయాలనిపించలేదు, అందంగా ఉందని.

గొలుసుల_చప్పుడు

అందమైనదే పోతుంది. ముదురు ఆకుపచ్చది కాదు కదా?

అరోరా_అల్లుడు

ముదురు ఆకుపచ్చదే.

నీలిడిస్కు

అడవిలోకి ఆకుపచ్చ డిస్కుతో వెళ్లినవాడికి భౌతికశాస్త్రం ఏం చెయ్యగలదు మాస్టారూ?

విశ్రాంత_మాస్టారు

అది వృక్షశాస్త్రం పరిధి.

అరోరా_అల్లుడు

మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. నిన్న మళ్లీ వెళ్లాను. ఉదయం ఏడింటికే మొదటి టీ మీద ఉన్నాం. డిస్ట్రాయర్‌ను ఇంట్లో వదిలెయ్యమని చెప్పారు గానీ నా వల్ల కాలేదు, కారు డిక్కీలో పెట్టాను. కొత్త లెపర్డ్ (నారింజ రంగు), బజ్, పుటర్, అంతే.

సుబ్బు గారు చెప్పినట్టు భుజాలు వాలుకు వంచాను. మొదటి రెండు బుట్టలకు డిస్కు నేలలోకి గుచ్చుకుంది, అంత వంచనక్కర్లేదని తెలిసింది. మూడో బుట్ట నుంచి తిన్నగా పోవడం మొదలైంది. లెపర్డ్ కొంచెం కుడికి ఒరిగి, మళ్లీ సర్దుకుని, చివర్లో చిన్నగా ఎడమకు. మా పార్కులో డిస్ట్రాయర్ చెయ్యాల్సింది అక్కడ లెపర్డ్ చేసింది. దూరం తగ్గింది, కానీ నడక కూడా తగ్గింది, ఎందుకంటే పొదల్లోకి వెళ్లలేదు.

దొర్లుడు గురించి ఇద్దరు పెద్దలూ కొట్లాడుకున్నారు కాబట్టి రెండూ చేసి చూశాను. తొమ్మిదో బుట్ట గట్టు అంచున ఉంది, నేను పై నుంచి ఎనిమిది మీటర్ల దూరంలో. నీలిడిస్కు గారి మాట విని ధైర్యంగా వేశాను. గొలుసులు మోగాయి. పదమూడులో మళ్లీ అలాంటిదే వచ్చింది, మళ్లీ ఆయన మాటే విన్నాను. డిస్కు దొర్లుకుంటూ వెళ్లి ఒక పెద్దాయన కాళ్ల దగ్గర ఆగింది. ఆయన దాన్ని ఎత్తి నా చేతికివ్వబోతే వద్దని అరవాల్సి వచ్చింది, పడిన చోటే ఆడాలి కదా. ఆ తర్వాత సుబ్బు గారి మాట విన్నాను.

మొత్తం పార్ మీద పదకొండు. ఒక్క డిస్కూ పోలేదు.

శాంతాక్రజ్_సుబ్బు

పదమూడు అన్ని కోర్సుల్లోనూ పదమూడే.

నీలిడిస్కు

తొమ్మిదో బుట్ట గొలుసులు మోగాయి అన్న వాక్యాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు.

గొలుసుల_చప్పుడు

నేను పట్టించుకున్నాను. నా పేరు చూడండి.

కాకినాడ_కాజా

నీళ్ల సీసా?

అరోరా_అల్లుడు

రెండు. తలనొప్పి రాలేదు. పదకొండున్నరకు కారెక్కాం, పన్నెండుంపావుకు ఉరిమింది.

ఇంకో వార్త. దారిలో ఫోను మోగింది. ఎవరో డిస్కు దొరికిందన్నారు, నా పేరూ నంబరూ చదివారు. నంబరు రాసిన రెండింట్లో ఒకటి. కింద ఊళ్లో ఒక కాఫీ కొట్టులో ఇచ్చిపెడతామన్నారు. వెళ్లి తీసుకున్నాను, మట్టి కొట్టుకుని, అంచు మీద ఏదో జంతువు పంటి గుర్తులతో. డిస్ట్రాయరే.

పచ్చిమిరప

అది కూడా కొరికి, నచ్చక వదిలేసింది.

వెర్మాంట్_వదిన

అన్నీ చెప్పారు, ఒకటి దాచారు. బావమరిది వచ్చాడా?

అరోరా_అల్లుడు

వచ్చాడు.

పచ్చిమిరప

ఎంత?

అరోరా_అల్లుడు

పార్ మీద తొమ్మిది. వచ్చే శనివారం డిలావేగాకు టికెట్లు చూస్తున్నాడు. సుబ్బు గారూ, ఆ మూడాకుల మొక్క ఎలా ఉంటుందో ఒక ఫోటో పెట్టండి. వాడికి చెప్పాలా వద్దా అన్నది తర్వాత ఆలోచిస్తాను.